తెలిసీ ఎందుకు తినలేకపోతున్నాం? పెద్దల తిండి అలవాట్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

షుగరో బీపీయో ఉందని తేలాక ఆస్పత్రిలో ఒక కాగితం చేతికిస్తారు. అన్నం తగ్గించండి, కూరగాయలు పెంచండి, నూనె, ఉప్పు తగ్గించండి అని అందులో ఉంటుంది. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టుకున్న ఇళ్లు ఊరూరా కనిపిస్తాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే 2023లో తేల్చింది. కాగితంలో రాసింది తప్పు కాదు. ఇంట్లో, పెళ్లిలో, పొలంలో, ఆఫీసులో దాన్ని ఎట్లా పాటించాలో మాత్రం అందులో ఉండదు. ఇంటికొచ్చాక జనం అడిగే ప్రశ్నలివి. ఏ తిండిలో ఎన్ని క్యాలరీలు అనే లెక్క ఇక్కడ లేదు. మనసు, ఇల్లు, చుట్టాలు, డబ్బు మన పళ్లెం మీద ఎట్లా పని చేస్తాయన్నదే ఇక్కడి విషయం.

ఏది మంచిదో తెలుసు. అయినా పాటించలేకపోతున్నాను. నాకు మనోబలం తక్కువా?

తక్కువేం కాదు. రోజూ మనం తినేదాంట్లో చాలా భాగం ఆలోచించి తినేది కాదు. చోటు, వేళ, పక్కనున్న మనుషులు కలిసి తినిపిస్తారు. కర్నూలులో పొద్దున ఏడింటికి బండి దగ్గర ఉగ్గాని తాలింపు వాసన వస్తుంటుంది. మిరపకాయ బజ్జీలు అప్పుడే నూనెలోంచి తీస్తుంటారు. రోజూ కలిసే నలుగురూ అక్కడే నిలబడి ఉంటారు. అప్పుడు తినాలా వద్దా అనే ప్రశ్నే తలలోకి రాదు. నిజానికి బొరుగులు, పుట్నాలపొడి, ఎర్రగడ్డలు వేసిన ఉగ్గాని ఒక ప్లేటు తింటే కొంపేం మునగదు. దాని పక్కన రోజూ మూడు బజ్జీలు పడటం దగ్గరే చిక్కు.

లండన్‌లో 96 మంది మీద చేసిన ఒక పరిశోధనలో, కొత్త అలవాటు ఆలోచించకుండానే జరిగిపోయేంతగా కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనా వేశారు. మధ్యలో ఒకరోజు తప్పితే పెద్ద తేడా రాలేదు. కాబట్టి వారం రోజులకే కుదరలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు.

‘రేపట్నుంచి ఆరోగ్యంగా తింటా’ అనుకుంటే నిలబడదు. ‘పొద్దున టీకి ముందు రాత్రి నానబెట్టిన చెనక్కాయలు పిడికెడు తింటా’, ‘బండి దగ్గర ఉగ్గాని ఒక్కటే చెప్తా, బజ్జీ ఆదివారమే’ అని వేళతో, చోటుతో ముడిపెట్టి అనుకుంటే నిలబడే అవకాశం ఎక్కువ.

టెన్షన్ ఎక్కువైనప్పుడు ఆకలి లేకపోయినా ఏదో ఒకటి తినాలనిపిస్తుంది. ఎందుకు?

కొద్దిసేపటి భయం ఆకలిని చంపేస్తుంది. రోజుల తరబడి సాగే దిగులు అట్లా కాదు. కార్టిసాల్ అనే హార్మోన్ ఒంట్లో ఎక్కువగా ఉండిపోయి, చాలామందిలో తీపి మీద, నూనె వంటల మీద ఆశ పెంచుతుంది. కొందరికి మాత్రం ఆకలే పోతుంది. విత్తనం వేసి వాన కోసం ఎదురుచూసే అనంతపురం రైతుకు, బిడ్డ కాలేజీ ఫీజు గడువు దగ్గరపడిన చిరుద్యోగికి ఆ దిగులు గంటలో తీరేది కాదు. తింటే మనసు కొద్దిసేపు నెమ్మదిస్తుందన్నది నిజమే. అందుకే మెదడు మళ్లీ మళ్లీ అదే దారి పడుతుంది.

మన వైపు దిగులుకు మొదటి మందు టీ. రోజుకు ఆరు టీలు తాగేవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక్కోదాంట్లో రెండు చిన్న చెంచాల చక్కెర వేసుకుంటే మొత్తం పన్నెండు చెంచాలు, దగ్గర దగ్గర 50 గ్రాములు. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన గరిష్ఠ పరిమితి టీలతోనే నిండిపోయినట్టు. అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మేలని కూడా ఆ సంస్థ చెప్తుంది. టీ అంగడికి పోవడం మానేయమని నేను ఎవరికీ చెప్పను. అక్కడ దొరికే పది నిమిషాల విరామం, నాలుగు మాటలు మనిషికి అవసరం. చక్కెర ఒక్కటి తగ్గించుకోండి. ముందు రెండు చెంచాల నుంచి ఒకటిన్నరకు, కొన్ని వారాలు పోయాక ఒకటికి.

నిద్ర సంగతి కూడా చూడండి. 2004లో అచ్చయిన ఒక పరిశోధనలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి, మరుసటి రోజు సాయంత్రం మిక్చర్ పొట్లం మీద చెయ్యి పడితే అందులో ఆశ్చర్యం లేదు.

అది కడుపు ఆకలా, మనసు ఆకలా అని ఎట్లా తెలుస్తుంది?

మజ్జిగన్నం పెట్టినా తినాలనిపిస్తే కడుపు ఆకలి. ఫలానాదే కావాలి, ఇప్పుడే కావాలి అనిపిస్తే మనసు ఆకలి కావచ్చు. అంతకంటే లోతుగా వెతుక్కోనక్కర్లేదు.

పెళ్లిళ్లలో, దేవరలో (గ్రామదేవత జాతరలో), చుట్టాల ఇళ్లలో వద్దంటే బాధపడతారు. ఎట్లా?

అందరికంటే ఎక్కువమందిని ఓడించేది ఇదే. మన వైపు వడ్డించడం అంటే ప్రేమ చూపించడం. ఆకులో ఓళిగ పడుతుంది, దాని మీద నెయ్యి పడుతుంది. వద్దని చెయ్యి అడ్డం పెడితే ‘ఇంకొక్కటి వేసుకో మామా, ఒక్కదానికి ఏం కాదులే’ అని వేళ్ల సందులోంచే జార్చేస్తారు. ఓళిగ వద్దంటే ‘మా మర్యాద నచ్చలేదు’ అన్నట్టు వినపడుతుంది వాళ్లకు. దేవరలో పొట్టేలు కూర వద్దన్నా, ఉరుసుకు పోయి దావత్‌లో బిర్యానీ వద్దన్నా ఇదే తంతు.

నలుగురితో కూర్చుని తింటే ఒంటరిగా తిన్నప్పటికంటే ఎక్కువ తింటాం. జాన్ డి కాస్ట్రో అనే అమెరికా శాస్త్రవేత్త మనుషుల చేత తిండి డైరీలు రాయించి ఈ సంగతి చూపించాడు. పక్కన జనం పెరిగేకొద్దీ తిండీ పెరిగింది. ముఖ్యంగా సొంతవాళ్లతో ఉన్నప్పుడు భోజనం ఎక్కువసేపు సాగుతుంది, చేతికి ఆపు ఉండదు.

మొదటి వడ్డనలోనే ఓళిగ సగం తుంచి వేయమని అడగండి. దాన్ని నింపాదిగా తినండి. ఆకు ఖాళీగా కనిపిస్తేనే వడ్డించేవాళ్లు వస్తారు కాబట్టి కూర, పప్పు కాస్త మిగిల్చి ఉంచుకోండి. చుట్టాల ఇంటికైతే ముందురోజే ఫోన్ చేసి ‘పిన్నీ, నాకు పాయసం వద్దు, నీ చేతి ఊరిబిండి చేసిపెట్టు’ అనండి. ఏదో ఒకటి అడిగి చేయించుకుంటే వాళ్ల మనసు నొచ్చుకోదు. వద్దని ఊరుకుంటేనే నొచ్చుకుంటుంది.

షుగర్ ఉందని నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడేవాళ్లు ఉన్నారు. ముప్పై అయిదేళ్లకే వచ్చినవాళ్లు, ఇంట్లో పెళ్లి కావాల్సిన పిల్లలున్నవాళ్లు ఎక్కువగా దాస్తారు. సంబంధాలు తప్పిపోతాయేమోననే భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అట్లాంటప్పుడు జబ్బు పేరు ఎత్తకుండా ‘రోంత చాలు, పొద్దున లేటుగా తిన్నా’ అంటే సరిపోతుంది.

వడ్డించేవాళ్లకు ఒక మనవి. ఒకసారి అడగండి, రెండోసారి వద్దంటే గరిటె వెనక్కి తీసుకోండి. ఆ మనిషి ఇంటికి పోయి రాత్రంతా పడే అవస్థ మీకు కనపడదు.

ఆయనకు షుగర్ వచ్చినప్పుడు ఇల్లంతా మారింది. నాకు వస్తే ఏమీ మారలేదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్నను ఆడవాళ్లు నలుగురిలో అడగరు, పక్కకొచ్చి అడుగుతారు. రాత్రి తొమ్మిదిన్నర వేళ ఒక వంటింటిని చూడండి. మామగారికి జొన్నరొట్టె చేసిపెట్టింది. పిల్లలకు దోసెలు పోసింది. మొగుడు తిని లేచాడు. గిన్నెలో రెండు గరిటెల అన్నం, అడుగున రోంత చారు మిగిలాయి. వంకాయ కూర అయిపోయింది. అన్నం పారేయడానికి చెయ్యి రాదు, కాబట్టి పొయ్యి గట్టు దగ్గర నిలబడే అదంతా తినేసింది. తిండికి ముందు వేసుకోవాల్సిన మాత్ర వేసుకుని అప్పటికి గంటన్నర దాటింది. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకుని తిండి ఆలస్యం చేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. తర్వాత మిగిలిన అన్నమంతా ఒకేసారి తింటే ఎక్కిపోతుంది. ఈమెకు మీరు ఏ డైట్ కాగితం ఇచ్చినా ఉపయోగం లేదు, ఎందుకంటే ఏం తినాలో ఆ ఇంట్లో ఆమె చేతిలో లేదు. అందరూ వదిలింది ఆమె భోజనం అవుతోంది.

కూర దించగానే మీ వాటా ఒక చిన్న గిన్నెలోకి తీసి మూత పెట్టండి. ఇది స్వార్థం కాదు, మందు పక్కన పెట్టుకోవడం లాంటిది. మిగిలిన అన్నం పొద్దున సద్దికి పోతుంది, దాన్ని మీ కడుపులోకి తోయాల్సిన పని లేదు. డాక్టర్ దగ్గరికి ఒక్కరే పోవద్దు. మొగుణ్నో, కొడుకునో, కోడలినో వెంటబెట్టుకుని పోయి, ‘ఈమె ఎనిమిదింటికి తినాల’ అనే మాట డాక్టర్ నోటి నుంచే వాళ్లకు వినిపించండి. ఇంట్లో మీరు పదిసార్లు చెప్పినదానికంటే అక్కడ ఒక్కసారి విన్నది బాగా ఎక్కుతుంది. అట్లా ఉండటం న్యాయం కాదు, కానీ పని జరుగుతుంది.

మగవాళ్లకు చెప్పాల్సిందీ ఉంది. మీకు పత్యం వంట అంటే ఆమెకు రెండో వంట. వేరే వంట అడగకండి, ఇంటి వంటనే మార్చుకోండి. పప్పులో ఆకుకూర ఎక్కువ వేయడం, పళ్లెంలో కూర పెంచి అన్నం తగ్గించడం అందరికీ మంచిదే. గుడ్లు ఉడకబెట్టుకోవడం, ఎవరి పళ్లెం వాళ్లు వడ్డించుకోవడం ఏ వయసులోనైనా నేర్చుకోవచ్చు.

సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె మంచివంటారు. మా ఇంట్లో పిల్లలు, చుట్టాలు చిన్నచూపు చూస్తారు.

ఆ చిన్నచూపు వెనక చరిత్ర ఉంది. సీమలో మెట్ట పొలాల్లో పండేది జొన్న, కొర్ర, సజ్జ, రాగి. వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో వండేవాళ్లు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక పేదల ఇంట్లో కూడా రోజూ తెల్లన్నం ఉడికింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పుపట్టలేం. అదే కాలంలో కొర్ర, సజ్జ పొలాల్లోకి చెనక్కాయ బాగా వచ్చేసింది. తెల్లన్నం తినడం బాగుపడ్డందుకు గుర్తు అయింది, సంగటి పేదరికానికి గుర్తుగా మిగిలింది. బడిలో రొట్టె డబ్బా తెరవడానికి సిగ్గుపడిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయి, నలభై అయిదేళ్లకు డాక్టర్ అదే రొట్టె తినమంటే మనసొప్పక బాధపడుతున్నారు.

ఇప్పుడు గాలి మళ్లింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కర్నూలులో సాయంత్రమైతే రోడ్డు పక్కన ఆడవాళ్లు పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతారు, కార్లు ఆపి కొనుక్కుపోతున్నారు. రాగి సంగటి, నాటుకోడి పులుసు హోటల్ బోర్డుల మీదికెక్కాయి. పిల్లలకు ‘ఆరోగ్యానికి మంచిది’ అని చెప్పి పెట్టకండి, ఆ మాట వింటేనే వాళ్లకు మందు గుర్తొస్తుంది. ఆదివారం నాటుకోడి పులుసుతో పెట్టండి. జేజి చేతి ముద్ద ఎట్లా ఉండేదో చెప్తూ పెట్టండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. సంగటి మంత్రం కాదు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పీచు ఉంటుంది, అంతవరకు నిజం. చాలా ఇళ్లలో సంగటిలో బియ్యమే ఎక్కువ, రాగిపిండి తక్కువ వేస్తారు. ముద్ద కూడా పెద్దది. పొలం పని చేసిన తాతకు సరిపోయిన ముద్ద, రోజంతా కుర్చీలో కూర్చునే మనవడికి ఎక్కువే. ముద్ద సగం చేసి, దాంతోపాటు ఆకుకూర పప్పో, అలసందల కూరో పెంచుకోవాలి.

స్నేహితుల వల్ల తిండి మారుతుందా?

మారుతుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 12,000 మందికి పైగా మనుషుల 32 ఏళ్ల వివరాలు చూసి 2007లో ఒక పరిశోధన వెలువరించారు. స్నేహితుడు ఊబకాయుడైతే ఆ మనిషికీ ఊబకాయం వచ్చే అవకాశం 57 శాతం పెరిగినట్టు కనిపించింది. భార్యాభర్తల్లో అది 37 శాతం. ఒకే రకం మనుషులు స్నేహం చేస్తారు కాబట్టే అట్లా కనిపించిందని వాదించినవాళ్లూ ఉన్నారు. అయినా ఎంత తింటే మామూలు అన్నది పక్కవాళ్లను చూసే ఖాయం చేసుకుంటామన్నది మన చుట్టూ చూస్తే తెలుస్తుంది. ఆఫీసులో ఒక్కరు ఇంటి నుంచి జామకాయలు కోసుకొచ్చి నాలుగింటికి బల్ల మీద పెడితే, ఆ రోజు సమోసాలు తక్కువ వస్తాయి. స్నేహితులను మార్చుకోనక్కర్లేదు. తోడు ఒక్కరిని కలుపుకోండి.

డైట్ మొదలుపెట్టిన వారానికే చెడిపోతుంది. తర్వాత ముందుకంటే ఎక్కువ తింటున్నాను.

మరీ బిగించడం వల్లే అట్లా అవుతుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు నెలల తరబడి సగం తిండే పెట్టి చూశారు. వాళ్లకు పగలూ రాత్రీ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు చదవడం మొదలుపెట్టారు, చిరాకు పడ్డారు, దిగులు పడ్డారు. కడుపు కట్టేస్తే మనసు తిండి చుట్టూనే తిరుగుతుందని దానివల్ల తెలిసింది.

1975లో ఇంకో పరిశోధన జరిగింది. డైట్‌లో ఉన్నవాళ్లకు ముందు మిల్క్‌షేక్ తాగించి తర్వాత ఐస్‌క్రీమ్ ఇస్తే, తాగనివాళ్లకంటే తాగినవాళ్లే ఎక్కువ ఐస్‌క్రీమ్ తిన్నారు. ‘ఎట్లాగూ చెడింది, ఇంకేముంది’ అనుకోవడమే దీనికి కారణం. ఒక లడ్డు తిన్నందుకు ఆ రోజంతా పోయిందనుకోకండి. రాత్రి భోజనం మామూలుగా తినండి. లడ్డు తిన్నానని రాత్రి పస్తుంటే పొద్దున అంతకు రెండింతలు తింటారు.

డాక్టర్ తిడతాడని భయపడి పరీక్షలే మానేసేవాళ్లున్నారు. పరీక్షకు రెండు రోజుల ముందు మాత్రమే పత్యం చేసేవాళ్లూ ఉన్నారు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఆ రెండు రోజుల పత్యం పెద్దగా కనపడదు. ‘పండక్కి తిన్నాను సార్’ అని నిజం చెప్పండి. వైద్యులూ ఇళ్లలోవాళ్లూ కూడా తెలుసుకోవాల్సింది ఏమిటంటే, సిగ్గుపడేట్టు మాట్లాడితే మనిషి దాచిపెట్టి తినడం నేర్చుకుంటాడు, అంతే.

కూలి చేసుకునేవాళ్లకు ఇవన్నీ ఎట్లా కుదురుతాయి?

అన్నీ కుదరవు. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వైపు నుంచి మిరపకాయ కోతలకు గుంటూరు దిక్కు సుగ్గికి పోయే కుటుంబాలున్నాయి. మూడు రాళ్ల పొయ్యి, బియ్యం మూట, ఎర్రకారం తోడుగా గుడారంలో నెలలు గడుస్తాయి. రేపటి కూలి గురించి ఆలోచించే తలకు వచ్చేవారం ఏం తినాలో ఆలోచించే ఓపిక మిగలదు. వాళ్లకు శ్రద్ధ లేదనడం అన్యాయం. పండ్లు తినండి, బాదం తినండి అని వాళ్లకు చెప్పడం కూడా అన్యాయమే.

అందుబాటులో ఉన్నవి చూస్తే ఉలవలు, అలసందలు, చెనక్కాయలు, గుడ్డు అన్నిటికంటే ముందు చెప్పాలి. ఉలవచారు, ఊరిబిండి మన వంటలే, గుడారంలోనైనా చేసుకోవచ్చు. గోంగూర, తోటకూర, చేలల్లో దొరికే చెంచలాకు అన్నంలోకి సరిపోతాయి. పట్నంలో పని దొరికినవాళ్లకు అన్న క్యాంటీన్‌లో అయిదు రూపాయలకు భోజనం ఉంది. రేషన్‌లో బియ్యంతోపాటు జొన్న, రాగి, కందిపప్పు చాలినంత వస్తే వాళ్ల పళ్లెం మారుతుంది. అది పాలకులు చేయాల్సిన పని.

ఉప్పు తగ్గిస్తే నోటికి ఎక్కదు.

మొదట్లో ఎక్కదు. కొన్ని వారాలకు నాలుక సర్దుకుంటుంది, తర్వాత పాత వంటే ఉప్పగా అనిపిస్తుంది. రోజుకు ఒక చిన్న చెంచాడు, అంటే 5 గ్రాములు, మొత్తం పరిమితి. ఊరగాయ, అప్పడం, మిక్చర్‌లోని ఉప్పు కూడా అందులోదే. చింతపండు, నిమ్మ, వెల్లుల్లి, ధనియాల పొడి మన వంటలో ఉన్నాయి కాబట్టి ఉప్పు లోటు కొంత అవి పూడుస్తాయి.

అమ్మానాన్నలు ఊర్లో ఒంటరిగా ఉంటారు. సరిగ్గా తినడం లేదని అనుమానం.

రాయచోటి, రాజంపేట వైపు పిల్లలు కువైట్‌లో ఉంటారు, అనంతపురం పిల్లలు బెంగళూరులో ఉంటారు. ఇంట్లో మిగిలిన ఒక్కరు ‘నా ఒక్కదానికి ఏం వండుకునేది’ అని టీ, బిస్కెట్లతో, నిన్నటి అన్నంతో సరిపెట్టుకుంటారు. ఇద్దరిలో ఒకరు పోయాక ఇది ఇంకా ఎక్కువ. ‘తిన్నావా?’ అని అడిగితే ‘తిన్నా’ అనే చెప్తారు. ‘ఏం కూర చేసినావు?’ అని అడగండి, నిజం బయటికొస్తుంది. వాళ్లు తినే వేళకు వీడియో కాల్ చేసి మీరూ పళ్లెం పట్టుకుని కూర్చోండి. ఊర్లో పక్కింటి అవ్వతో కలిసి వారానికి రెండు పూటలు వండుకునే ఏర్పాటు చేస్తే ఇంకా మంచిది. పళ్లు కదులుతున్నాయా, మింగడం కష్టంగా ఉందా అని కూడా కనుక్కోండి. చాలాసార్లు అసలు కారణం అదే.

రంజాన్‌లో, శివరాత్రికి, ఏకాదశికి షుగర్ ఉన్నవాళ్లు ఉపవాసం ఉండొచ్చా?

ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవాళ్లు ముందుగా డాక్టర్‌ను కలిసి మోతాదు, వేళ మార్పించుకోకుండా ఉపవాసం ఉండకూడదు. చెమటలు పట్టి, వణుకు వచ్చి, కళ్లు తిరిగితే వెంటనే చక్కెరో బెల్లమో నోట్లో వేసుకోవాలి. ఉపవాసం మధ్యలో విడిచినా దోషం లేదు. ప్రాణం మీదికి వస్తుందంటే రోజా విడవడానికి మతంలోనే అనుమతి ఉంది. విడిచే వేళ పకోడీలతో మొదలుపెట్టకుండా ఒక ఖర్జూరం, నీళ్లు, తర్వాత మామూలు భోజనం తీసుకోండి.

ఎప్పుడు వైద్యుల సాయం తీసుకోవాలి?

రెండు వారాలకు పైగా ఏదీ తినబుద్ధి కాక, నిద్ర పట్టక, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. ఆపుకోలేక చాటుగా ఒకేసారి బాగా ఎక్కువ తినడం, తర్వాత కుమిలిపోవడం లేదా వాంతి చేసుకోవడం తరచుగా జరుగుతుంటే అది కూడా చికిత్స ఉన్న జబ్బే. కారణం లేకుండా బరువు తగ్గుతుంటే ముందు షుగర్, థైరాయిడ్, టీబీ పరీక్షలు చేయించాలి. మాట్లాడే మనిషి కావాలంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబర్‌లో ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. కర్నూలు, అనంతపురం, కడపల్లోని ప్రభుత్వ పెద్దాస్పత్రుల్లో మానసిక వైద్యులు ఉన్నారు. ఓపీ చీటీ పొద్దున్నే తీసుకుంటే వరసలో ఎక్కువసేపు నిలబడే పని తప్పుతుంది.